అన్న పూచీ

షేర్ బజారులో ఆయన్ను గద్ద అనేవారు. మునిగిపోతున్న కంపెనీని పైనుంచే కనిపెట్టి, కారుచౌకగా కొని, నిలబెట్టి అమ్మేవాడు. పట్టిందల్లా బంగారమైంది. యాభై దాటాక ఆ ఆట మొహం మొత్తి, అప్పటికి ఎవరూ పట్టించుకోని ఒక ప్రతిపక్ష నాయకుడి మీద కన్ను వేశాడు. ప్రచారానికి సొంత విమానం ఇచ్చాడు. వెంటబెట్టుకుని పెద్దమనుషుల ఇళ్ళన్నీ తిప్పాడు.

పత్రిక నడిపే తమ్ముడు మాత్రం నవ్వాడు. "ఇన్నాళ్ళూ మునిగే కంపెనీలు కొన్నావు. ఇప్పుడు దేశాన్నే ముంచేవాణ్ణి కొంటున్నావన్నయ్యా."

"నీకు రాతలు తెలుసు, నాకు మనుషులు తెలుసు," అన్నాడు గద్ద.

నాయకుడు గెలిచి గద్దను పొరుగు దేశానికి రాయబారిగా పంపాడు. ఎత్తయిన కిటికీల భవనం, ముందు జెండా కట్టిన కారు, విందుల్లో ఆయన పక్క కుర్చీకి పోటీ. రెండో ఏడు స్వదేశంలో నాయకుణ్ణి విమర్శించే పత్రికలకు తాళాలు పడ్డాయి. తమ్ముణ్ణి ఆఫీసులోంచే జైలుకు పట్టుకుపోయారు.

గద్ద నాయకుడికి ఫోన్ చేశాడు.

"మీ తమ్ముడు నాకు తమ్ముడు కాదా అన్నా?" నాయకుడి గొంతు తేనె పూసినట్టుంది. "నాలుగు రోజులుంచి పంపించేస్తాం. ఈలోగా అక్కడివాళ్ళు గోల చేస్తున్నారు, కాస్త సర్దిచెప్పండి. మీరు చెప్తే నమ్ముతారు."

మర్నాడు ఆ దేశపు విదేశాంగ మంత్రి ఆయన్ను పిలిపించింది. "మీ తమ్ముడికి ఉబ్బసమటగా. మా డాక్టర్ని జైలుకి పంపుతామని పట్టుబట్టాలనుకుంటున్నాం," అంది.

గద్ద తమ్ముడి గొంతు విని పది రోజులైంది. అయినా, "అవసరం లేదండీ. వాడు బాగానే ఉన్నాడు, నాదీ పూచీ," అన్నాడు. అన్నే అంత మాటన్నాక ఆవిడ పట్టు వదిలేసింది.

వారం తిరక్కుండా తమ్ముడు జైల్లో ఊపిరాడక పోయాడు. కబురు మరదలే చెప్పింది.

"మీ మాట పేపర్లో వేశారు బావగారూ. మందు పట్టుకెళితే గేటు దగ్గరే ఆపేశారు. సొంత అన్నే బాగున్నాడంటుంటే మందెందుకమ్మా అన్నారు."

"నేను బయల్దేరుతున్నానమ్మా."

"రావద్దు. మీరొస్తే ఆయన్ని చూడ్డానికొచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు." ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననిపించింది ఆయనకి.

ఆ సాయంత్రమే రాజీనామా చేశాడు. అనారోగ్యం వల్ల తప్పుకున్నారని, ఆయన సేవలు మరువలేనివని నాయకుడు ప్రకటించాడు. కాదు మొర్రో అని గద్ద మొత్తుకున్నా ఒక్క పత్రికా వేసుకోలేదు. వేసే పత్రిక తమ్ముడిదొక్కటే, దానికి తాళం పడింది.

చివరికి మంత్రి దగ్గరికే వెళ్ళి జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చివరిదాకా విన్నది.

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే డాక్టర్ని పంపేదాన్ని," అంది. "ఇప్పుడు ఎవర్ని పంపమంటారు?"

ఆవిడను తర్వాత కలవాల్సినవాళ్ళు వచ్చి తలుపు దగ్గర నిలబడేదాకా గద్ద ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాడు.