సన్నకొన వైపు పొడిచిన గుడ్డు

ముప్ఫై మూడేళ్లు తర్కశాస్త్రం బోధించి, ఒక్కరినీ ఒప్పించకుండానే నిష్కళంకంగా పదవీ విరమణ చేసిన నేను, ఒకానొక మంగళవారం ఉదయం ఒక గుడ్డు ముందు చిత్తుగా ఓడిపోయాను. ఆ పరాజయ వృత్తాంతాన్ని దాచకుండా చెప్పుకోవడం నా కృతజ్ఞతలో మొదటి వాయిదా.

గుడ్డు మా ఆవిడ పెంచిన పెద్దబాతుది. తొమ్మిదేళ్లు మా పెరటిని ఏకచ్ఛత్రంగా ఏలి, పోస్టుమ్యాన్ మొదలు నా వరకు సమస్త పురుషజాతినీ పిక్కల మీద పొడిచి అదుపులో ఉంచిన ఆ మహారాణి, పొదుగుతూ పొదుగుతూనే కన్నుమూసింది. అప్పటికి మా ఆవిడ మోకాలి ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో ఉంది. ఫోనులో సంగతి చెప్పాను. "గుడ్లు చల్లారనివ్వకండి. నేనొచ్చేసరికి దాని గుర్తుగా ఒక్క పిల్లయినా ఉండాలండీ," అంది.

నేను పొదిగే యంత్రం సంపాదించి తెచ్చేలోపే ఐదింటిలో నాలుగు చల్లారిపోయాయి. మిగిలింది ఒక్కటి.

ఆ ఒక్కటీ సోమవారం ఉదయం లోపలి నుంచి పెంకు పొడిచింది. లక్షణంగా లావుకొన వైపు, గాలి ఉండే చోట పొడవవలసినది, సన్నకొన వైపు పొడిచింది. పిల్ల లోపల తలకిందులుగా ఉందన్నమాట. మర్నాటి ఉదయానికి కూడా చిల్లు ఆవగింజంతైనా పెరగలేదు. నేను తర్కించాను: పిల్ల బయటికి రావాలి, రాలేకపోతోంది, కావున పండితుడు కలుగజేసుకోవాలి. గోళ్లు కత్తిరించుకునే సాధనంతో బొటనవేలంత పెంకు ఊడదీశాను. కింది పొర మీద నెత్తురు బొట్టు ఉబికింది. నా శాస్త్రం మొత్తం ఆ బొట్టులో మునిగిపోయింది.

బావమరిదికి ఫోన్ చేశాను. అతను గడియారాలు బాగుచేస్తాడు. ఆ వృత్తిని పురస్కరించుకుని అతణ్ణి నలుగురిలో "కాలజ్ఞానీ" అని పిలవడం, పెళ్లినాటి నుంచి నేను ఎన్నడూ వదులుకోని హక్కు. అతను దుకాణం మూసి పావుగంటలో వచ్చాడు, కంటికి బిగించుకునే భూతద్దంతో సహా.

"ఎవరు విప్పారు దీన్ని?"

"కాస్త సాయం చేద్దామని..."

"బావా, ఆగిపోయాయని నా దగ్గరికొచ్చే గడియారాల్లో సగం వాటంతటవి ఆగినవి కాదు. ఇంట్లో నీలాంటి చదువుకున్నోడెవడో విప్పినవి."

చిటికెడు మొక్కజొన్న పిండి అద్ది, వేలికొనతో మెత్తగా నొక్కిపట్టాడు. నెత్తురు కట్టింది. గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో, ముక్కు దగ్గరికి పోకుండా, పొరను తడిపాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"నువ్వు చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి."

"ఎంతసేపు?"

"ఈ ఎర్ర నరాలు కనబడినంతసేపు. ఆ నెత్తురంతా దానిదే. ఒంట్లోకి లాక్కుంటుంది. ఈలోగా మనం లాగామా, అంతే."

"ఇదంతా ఎక్కడ నేర్చావయ్యా?"

"అక్క దగ్గర. ఈ పెరట్లోనే. నువ్వు లోపల కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటే."

జీవితంలో తొలిసారి నేను నిజంగా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గంటకోసారి అతను భూతద్దంలోంచి చూసి "ఊహూ" అనేవాడు. గుడ్డులోంచి వచ్చే కీచుకీచు సన్నగిల్లినప్పుడల్లా నాకు ఆసుపత్రిలో ఉన్న మనిషి ముఖం కనబడేది. సాయంత్రం నాలుగింటికి పొర తెల్లబడి కాగితంలా ఆరింది. అప్పుడు అతను పళ్లచక్రాలు ఎత్తే సన్నటి చిమటాతో పొర చీల్చి ముక్కునూ తలనూ విడిపించి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మిగతాది?"

"అదే తన్నుకోవాలి. తంతేనే కాళ్లకు బలం."

ఆరింటికి తన్నింది. తడిసిన గుడ్డపీలికలాంటి ఆ ప్రాణిని చూసి ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం. కారణం యంత్రం ఆవిరేనని ఏకాభిప్రాయానికి వచ్చాం.

నా సేవలు అంతటితో ముగియలేదు. యువరాజుగారి అడుగుల కింద గౌరవార్థం వార్తాపత్రిక పరిచాను. మర్నాటికి ఆ నున్నటి కాగితం మీద కాళ్లు చెరోవైపుకూ జారిపోయాయి. బావమరిది తల కొట్టుకుని, గరుకు తువ్వాలు పరిచి, రెండు కాళ్లనూ మెత్తటి కట్టుగుడ్డ పీలికతో బొటనవేలి ఎడంగా కలిపి కట్టాడు. రోజూ దుకాణానికి వెళ్లేముందూ వచ్చాకా దాని ముక్కును నీళ్లలో ముంచి తాగడం నేర్పాడు. మూడోనాడు కట్టు విప్పితే, పిల్ల నిలబడి, నేరుగా అతని చెప్పుల వెంట నడిచింది.

ఆరోనాడు మా ఆవిడ చేతికర్రతో గడప దాటింది. పిల్లను ఒళ్లో పెట్టుకుని, దాని మెడను తడుముతూ, "మీరే కంటికి రెప్పలా చూసుకున్నారట. తమ్ముడు చెప్పాడు," అంది.

ఊరుకుంటే ఆ కీర్తి నాకే దక్కేది. "కాదు. నేను దాదాపు చంపేశాను. బతికించింది వాడు," అన్నాను.

"తెలుసులెండి. నాతో ఏం లాభం? వాడితో చెప్పండి."

పెరట్లో, ఆమె ఒళ్లోంచి దిగి వచ్చిన పిల్ల తన పాదాల మీద ఎక్కి పడుకోగా, బావమరిది కదలకుండా నిలబడి ఉన్నాడు. నేను గొంతు సవరించుకుని, "నీ ఓర్పూ నీ హస్తకౌశలమూ లేకపోతే నేనివాళ ఈ ఇంట్లో తలెత్తుకోలేకపోయేవాణ్ణి. యావజ్జీవం నీకు..." అని ఎత్తుకున్నాను.

అతను వేలు పెదవులకు ఆనించాడు.

"బావా, పిల్లకి ఇప్పుడే కునుకు పట్టింది. పొగుడు, వద్దనను. కాస్త మెల్లగా పొగుడు."

గుసగుసగా, మొదటి నుంచీ పొగిడాను.