నోరు లేని బస్సు

కరెంటు బస్సు మీద నాకు పగేమీ లేదు. ఇరవై ఏళ్లు డీజిల్ పొగ మింగినదాన్ని. కొత్త బస్సు ఎక్కిన వారానికే నా దగ్గు పోయింది. దాన్ని ఎవరైనా తిడితే నేనే పోట్లాటకు దిగుతాను. నా గొడవల్లా స్టీరింగు పక్కన కూర్చుని నాకు మార్కులు వేసే ఆ కంప్యూటర్ తెరతోనే.

మా బాబాయ్, అంటే నాన్న తమ్ముడు, పుట్టుకతోనే చూపు లేని మనిషి. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. రోజూ ఏడూ పదికి నా పద్నాలుగో నంబరు బస్సే ఎక్కుతాడు. ఆ స్టాపులో ఆరు రూట్ల బస్సులు ఆగుతాయి. అందుకని పాత బస్సును ఆపగానే ఇంజన్ని రెండుసార్లు గుర్రుమనిపించేదాన్ని. బాబాయ్ గబగబా వచ్చి ఎక్కేసేవాడు.

కొత్త బస్సు చేతికొచ్చిన మొదటి రోజు అలవాటుగా యాక్సిలరేటరు రెండుసార్లు తొక్కాను. బస్సు కిక్కురుమనలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. కదలకుండా నిలబడ్డ బాబాయ్‌ని చూసి, ఏ లోకంలో ఉన్నాడో అని విసుక్కున్నాను. పన్నెండు సెకన్లకు తలుపులు వాటంతటవే మూసుకున్నాయి. వెళ్లిపోయాను.

అంతకు ముందు నేను శిక్షణలో ఉన్న రెండు రోజులూ వేరే డ్రైవర్లు కొత్త బస్సుతో వచ్చి ఇలాగే వదిలేసి వెళ్లారట. మూడోసారి సొంత అన్న కూతురే వదిలేసింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే బాబాయ్ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటారని ఆస్పత్రిలో చెప్పేశారు.

"నాకు కళ్లు లేవు సరే, నీ బస్సుకి నోరు లేదని ముందే చెప్పొచ్చు కదే," అని ఆ సాయంత్రం నవ్వాడు బాబాయ్. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు కిటికీ దించి, "పద్నాలుగు, బాబాయ్, పద్నాలుగు," అని అరిచాను. ఆయన ఎక్కేదాకా తలుపు మూయనివ్వలేదు. తెర ఎర్రబడింది. కిటికీ తెరిస్తే ఏసీ గాలి పోయి బ్యాటరీ వృథా అట, మార్కులు కోత. పన్నెండు సెకన్లు దాటితే ఇంకో కోత. రోజూ నేను అరిచాను, రోజూ అది కోసింది. మార్కులు అరవై కంటే తగ్గితే స్టీరింగు తీసేసి బస్సులు కడగడానికి పంపుతారు. పదిహేను రోజుల్లో యాభై ఎనిమిదికి దిగాను.

డిపో మేనేజరు పిలిచాడు. నంబరు చెప్పే స్పీకరు పెట్టించమని నేనిచ్చిన మూడు అర్జీలూ ఆయన బల్ల మీదే ఉన్నాయి.

"అవి పరిశీలనలో ఉన్నాయమ్మా. ముందు ఈ క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టు. మార్కులు నేను సర్దిస్తాను."

ఒళ్లు మండింది. కాగితం తిరగేసి, 'రేపు కూడా పిలుస్తాను' అని రాసి, దాని కింద సంతకం పెట్టాను.

"ఉద్యోగంతో ఆటలాడకు," అన్నాడు.

"ఆట కాదు సార్. ఆ మనిషిదీ ఉద్యోగమే."

స్టీరింగు పోయింది. మర్నాడు బస్సులు కడగడానికి వెళ్లేముందు, ఏడూ పదికి ఖాకీ చొక్కాతోనే స్టాపులో నిలబడ్డాను. బస్సు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది.

"పద్నాలుగు వచ్చింది, బాబాయ్."

ఆయన అడుగు ముందుకు వేసి ఆగాడు. "గొంతు పక్కనుంచి వస్తోందేంటే? నువ్వు లోపల లేవా?"

"ఈ వారం బయట డ్యూటీ. ఎక్కు, తలుపు నేను పట్టుకుంటా."

నా సీట్లో కూర్చున్న డ్రైవరు తెర వైపు ఓసారి, నా వైపు ఓసారి చూశాడు. పన్నెండు సెకన్లు దాటాయి. నేను తలుపు వదల్లేదు.