ట్యాంకు నింపాలా, ఖాళీ చెయ్యాలా

అక్టోబరు రెండో శనివారం వచ్చిందంటే తైస్తో తన మోటారు సైకిలుని చలికాలానికి పడుకోబెట్టాల్సిందే. పియెలినెన్ సరస్సు గట్టున మంచుపట్టి గడ్డి తెల్లబడ్డాక కూడా రోడ్డెక్కేవాడికి బుర్ర లేనట్టే అని అతని అభిప్రాయం. ఈ ఏడు కూడా ఆ శనివారం వచ్చింది. కానీ షెడ్డులో గోనెపట్టా మీద మోకాళ్లూని ఇంజను ప్లగ్గు విప్పుతున్నది అతను కాదు, భార్య ఇర్యా. ఆగస్టులో పక్షవాతం వచ్చి తైస్తో కుడిచెయ్యి పడిపోయింది. అతను స్టూలు మీద కూర్చుని పని చెబుతున్నాడు. చెప్పడం తక్కువ, తిట్టడం ఎక్కువ.

"మెల్లిగా తిప్పవే! అది ప్లగ్గు, పచ్చడి జాడీ మూత కాదు."

"నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది నీకు. ఆ డాక్టరమ్మ దానికి కూడా ఏదైనా మందిస్తే బాగుండేది" అంది ఇర్యా.

ప్లగ్గు ఊడింది. ఆ కంతలో చెంచాడు నూనె పోసి, కిక్కు రాడ్డుని చేత్తో రెండుసార్లు తిప్పి, మళ్ళీ బిగించింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ బండి మీద ఆమె చెయ్యి వెయ్యడం ఇదే మొదలు. వెయ్యనిస్తే కదా! పోస్టాఫీసు వాళ్ల మోటారు సైకిలు మీద ఇరవై రెండేళ్లు అడవి దారుల్లో తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి ఆమె. అయినా తైస్తో దృష్టిలో అది బండీ కాదు, అది నడపడమూ కాదు. ఈ బండికి పక్కన సైడ్‌కార్ ఉంది. ఇర్యా చోటు అందులోనే. "నా సవతి" అని బండిని దెప్పుతూనే ముప్ఫై ఏళ్లుగా ఆ తొట్టిలో కూర్చుని ఊళ్లు తిరిగింది.

ఇక సైలెన్సర్లో ఎలకలు దూరకుండా ఊలు మేజోడు కుక్కాలి. కుక్కుతుంటే ఆమెకి నవ్వొచ్చింది. ఒక వసంతంలో తైస్తో ఈ మేజోడు తీయడం మరిచిపోయి, బండి ఎందుకు స్టార్టు కావడం లేదో తెలియక రెండు రోజులు కార్బురేటర్ విప్పుకుని కూర్చున్నాడు. మూడోరోజు కాఫీ తెచ్చిన ఇర్యా వెనక నుంచి మేజోడు లాగి అతని ఒళ్లో పడేసింది. అప్పట్నుంచి ప్రతి శరత్తులోనూ ఓ అట్టముక్క మీద ఏమేం చేశాడో రాసి హ్యాండిలుకి కడతాడు. వసంతం రాగానే అది చదువుకుని, విప్పి, గోడ మేకుకి గుచ్చేస్తాడు. ఇప్పుడా మేకుకి పద్దెనిమిది అట్టలున్నాయి.

"ఇక ట్యాంకు" అంది ఇర్యా, చేతులు తుడుచుకుంటూ. "పెట్రోలు డబ్బా నిండుగా ఉంది. పోసెయ్యనా?"

అడిగి, అతని మొహం కేసి చూసింది. ఒక్క చలికాలానికి పడుకునే బండికైతే ట్యాంకు అంచుదాకా నింపుతారు. లోపల గాలి ఉంటే తేమ చేరి తుప్పు పడుతుంది. ఇక తియ్యం, ఏళ్లకేళ్లు మూలన పడుంటుంది అనుకున్న బండికే ట్యాంకు ఖాళీ చేస్తారు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఖాళీ చెయ్యి" అన్నాడు తైస్తో, కిటికీ కేసి చూస్తూ.

"తైస్తో..."

"చెప్పింది చెయ్యి. బ్యాటరీ కూడా ఇంట్లోకి తేకు. పక్కింటి వేయ్యోకి ఇచ్చెయ్, ట్రాక్టరుకి పనికొస్తుంది."

ప్రతి చలికాలం బ్యాటరీ నడవాలో ఆమె బూట్ల పక్కన వెచ్చగా పడుకునేది. అది కాలికి తగిలినప్పుడల్లా ఇర్యా నోరు చేసుకునేది. ఇప్పుడు దాన్ని ఇచ్చెయ్యమంటే ఆమె ప్రాణం ఉసూరుమంది.

"నేను నడుపుతాను" అంది చటుక్కున. "లైసెన్సు ఉంది నాకు. నువ్వు పక్కన కూర్చో."

"ఎక్కడ? ఆ తొట్టిలోనా?" తైస్తో మొహం జేవురించింది. "మూట కట్టిన బంగాళాదుంపల్లా నన్నేసుకుని ఊరేగుతావా? లియెక్సా ఊరంతా నవ్వుతుంది."

"ముప్ఫై ఏళ్లు నేను కూర్చుంటే ఎవరూ నవ్వలేదే!"

"నువ్వు వేరు."

ఇర్యా ట్యాంకు కింద గొట్టం పెట్టి, ఉన్న నాలుగు లీటర్లూ ఖాళీ క్యానులోకి దించింది. బ్యాటరీ ఊడదీసి బల్ల మీద పెట్టింది. అతను చెబుతుంటే కొత్త అట్టముక్క మీద రాసింది: ప్లగ్గు కంతలో నూనె పోశాం. మేజోడు లోపల ఉంది. ట్యాంకు ఖాళీ. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. ఎవరు చదువుకోవడానికి ఇది? అట్ట హ్యాండిలుకి కట్టి, "సౌనా వేడి చేస్తాను" అని వెనక్కి చూడకుండా బయటికొచ్చేసింది.

శనివారం సౌనాలో ఆవిరి స్నానం మానేది లేదు, మనసు బాగున్నా బాగోకపోయినా. పొయ్యి రాజేసి, సరస్సు నుంచి నాలుగు బకెట్ల నీళ్లు మోసి, బల్లలు కడిగేసరికి గంట పైనే పట్టింది. ఆ గంటంతా అతన్ని తిట్టుకుంది, తర్వాత తనను తిట్టుకుంది, చివరికి కాసేపు ఏడ్చింది కూడా.

పిలుద్దామని ఇంటికెళితే తైస్తో లేడు. పొయ్యి రాజేసే ముందు అతని కోసం పోసిపెట్టిన కాఫీ అలాగే చల్లారిపోయింది, యాలకుల బన్ను ముట్టనే లేదు. కంగారుగా షెడ్డుకి పరుగెత్తింది. తలుపు తీయగానే పెట్రోలు వాసన గుప్పుమంది. నేల తడి. గరాటు ఒక మూల దొర్లి ఉంది.

తైస్తో సైడ్‌కార్లో కూర్చుని ఉన్నాడు. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఒళ్లో ఖాళీ డబ్బా.

"నువ్వేం చేస్తున్నావక్కడ?"

"ఎడం చేత్తో పోశాను" అన్నాడు, ఆమె కళ్లలోకి చూడకుండా. "సగం ట్యాంకులో పడింది, సగం నా ప్యాంటు మీద. క్యానులోది కూడా పోసేసినా అంచుకి రాలేదు. సోమవారం ఇంకో డబ్బా తేవాలి నువ్వు. ఇలాగే సౌనాకొస్తే ఇద్దరం నిప్పంటుకుని పోతాం, ముందు నన్ను కడుగు."

ఇర్యా హ్యాండిలుకున్న అట్టముక్క అందుకుంది. 'ఖాళీ' అన్నమాట అడ్డంగా కొట్టేసి ఉంది. కింద బడికెళ్లే పిల్లాడి రాతలా, వంకరటింకరగా, ఎడంచేతి అక్షరాలు:

*ట్యాంకు నిండుతుంది. ఇర్యా, ముందు మేజోడు తీయి. మరిచిపోకు.*

ఆమె పేరు ఆ అట్టల మీద రాయడం అదే మొదలు. చదివిందే మళ్ళీ చదివింది.

"మోకాళ్లు పట్టడం లేదే ఇందులో" అన్నాడు తైస్తో. "ముప్ఫై ఏళ్లు ఎలా కూర్చున్నావు?"

"ఇన్నాళ్లకి అడిగావు" అంది ఇర్యా.

బల్ల మీదున్న బ్యాటరీని ఒక చంకన ఇరికించుకుని, రెండో చెయ్యి అతనికి అందించింది.