దస్తగిర్ వదిలేసిన లీకేజీ

ఎక్కడైనా నీటిచుక్క కారుతోందంటే దస్తగిర్‌కు ప్రాణం మీదికి వచ్చినట్టే. పెళ్లి దావత్‌కు పిలిస్తే అందరూ బిర్యానీ దగ్గర ఉంటారు, ఈయన మాత్రం చేతులు కడిగే నల్లా దగ్గర నిలబడి వాషరు వేసినవాణ్ని తిడుతూ ఉంటాడు. ఓపెన్‌కాస్టు గనిలో పంపు ఫిట్టరు మరి. సెంటినరీ కాలనీలో ఆయన క్వార్టరున్న వరసలో ఒక్క నల్లా కారదు. అలాంటి మనిషికి ఎడారిలో పిట్టల వెంట తిరిగే కూతురు పుట్టింది.

కూతురు సుమైరా వన్యప్రాణి శాస్త్రవేత్త. రాజస్థాన్ ఎడారిలో ఏళ్ల తరబడి పనిచేసి, ఈ ఎండాకాలం సర్వే పని మీద సొంత ఊరికే వచ్చింది. బొగ్గు మీదున్న మట్టినీ రాయినీ తవ్వి పోసిన గుట్టల మీద ఏమేం బతుకుతున్నాయో చూడాలి. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు, బూట్లలోంచి కూడా కాలే రాయి.

"ఎడారి ఎడారి అనుకుంట గంత దూరం ఎందుకు పోయినవ్ చెల్లె? మన బొగ్గుబాయి మీదనే ఉండె గద," అని వాటర్ ట్యాంకర్ నడిపే ఉపేందర్ మొదటిరోజే ఆటపట్టించాడు.

నవ్వింది గానీ, అతని మాటే నిజమైంది. గుట్ట మొదటి మెట్టు మీద పొలంక పిట్టల జంట కనిపించింది. పావురమంత ఉంటాయి, ఒళ్లంతా మట్టి రంగు. కదలకపోతే పక్కన నిలబడ్డా కనిపించవు. వాటి దగ్గర అప్పుడే గుడ్డులోంచి వచ్చిన మూడు పిల్లలున్నాయి.

సుమైరాకు ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు. పొలంకల సంగతి అలాంటిది. ఎగరలేని పిల్లలకు తండ్రి పిట్ట నీళ్లు మోసుకొస్తుంది, అదీ పొట్టతో. నీళ్లలో కూర్చుని పొట్ట ఈకలు నానబెట్టుకుని ఎగిరి వస్తే, పిల్లలు ఆ ఈకల్ని ముక్కుతో చీకి తాగుతాయి. ఎడారిలో మగపిట్ట నీళ్లలో కూర్చోవడం ఎన్నోసార్లు చూసింది. పిల్లలు తాగడం మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఈ మగపిట్ట నీళ్ల కోసం ఎక్కడికి పోతోందో కూడా కనిపెట్టింది. గుట్ట కింద ట్యాంకర్లు నింపే చోట పైపు జాయింటు కారి, చిన్న మడుగు కట్టింది. సరిపడే వాషరు దొరక్క ఆ జాయింటు నెల నుంచి కారుతోంది, నెల నుంచి దస్తగిర్ ముఖంలో నవ్వు లేదు. అందుకే సాయంత్రం ఇంట్లో ఆ ఊసెత్తలేదు. పుండు మీద కారం చల్లడం ఎందుకని, రేపు పొద్దున మీ పైపు దగ్గరికే డ్యూటీ మీద వస్తున్నానని మాత్రం చెప్పింది.

తెల్లారి వెళ్లేసరికి తండ్రి ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. మడుగు లేదు. దాని చోట పొడి మొరం పోసి, చదును చేసి ఉంది.

"సూడు బిడ్డా, ఒక్క చుక్క లేదు," అన్నాడు దస్తగిర్. "పొద్దుగాల్నే వచ్చి పాత ట్యూబు కోసి వాషరు ఏసిన. నా బిడ్డ వచ్చే జాగల బురద ఉంటదా?"

సుమైరా వంగి మొరం తాకి చూసింది. అంతలో పైనుంచి 'కట్రో, కట్రో' అని పిలుపు వినిపించింది. మగపిట్ట దిగింది. నడుచుకుంటూ సరిగ్గా మడుగు ఉండాల్సిన చోటికి వచ్చి ఆగింది. పొడి మొరం మీదే కూర్చుని, పొట్ట నేలకు ఆనించి అటూ ఇటూ ఊగింది. లేచి చూసుకుంది. మళ్లీ కూర్చుని ఊగింది.

"ఏం జేస్తుంది గది?" అని దస్తగిర్ గొంతు తగ్గించి అడిగాడు.

"నీళ్లకొచ్చింది అబ్బా," అంది సుమైరా తండ్రితో. "పొట్ట తడుపుకొని పిల్లలకు తీస్కపోతది. నిన్నటిదాక నీ లీకేజీ నీళ్లే తాగినయి."

"గంత పెద్ద గోదావరి ఉండంగ?"

"దానికి ఎరికైన జాగ ఇదే. కొత్త జాగ దేవులాడి, గంత దూరంకెల్లి వచ్చేసరికి ఈకలు ఎండిపోతయి. పసిపిల్లలు, ఇయ్యాల్టి ఎండకు ఆగయి."

"మరి నిన్న నాకెందుకు చెప్పలె?"

"నీకు బాధైతదని."

పిట్ట ఎగిరిపోయింది. దస్తగిర్ అది పోయిన దిక్కే చూస్తూ ఉన్నాడు. తర్వాత సంచిలోంచి పానా తీశాడు. "బిగించుడే గని, కారనీకి ఇప్పింది నా డ్యూటీల లేదు," అని గొణుగుతూ బోల్టు పట్టాడు. నీళ్లు సన్నగా మొదలయ్యాయి. ఇస్త్రీ చొక్కా సంగతి మరచి మోకాళ్ల మీద కూర్చుని, చేతులతో మొరం తోడి, పిట్ట పొట్ట మునిగేంత లోతు చేశాడు. నీళ్లు నింపుకోవడానికి అప్పుడే వచ్చిన ఉపేందర్ సంగతి విని, ట్యాంకరును వెనక్కి తీసి, వచ్చే బండ్లను ఆపడానికి రోడ్డు మలుపు దగ్గరికి నడిచాడు.

తండ్రీ కూతుళ్లు మడుగుకు దూరంగా జరిగి కూర్చున్నారు. ఎండ ముదిరింది. పిట్ట మళ్లీ రాకపోతే ఈ ఉద్యోగం, ఈ చదువు ఎందుకని సుమైరాకు ఏడుపొచ్చింది. తండ్రి మీద కోపం రాలేదు, నిన్ననే చెప్పని తన నోటి మీదే వచ్చింది.

వచ్చింది. మడుగు చుట్టూ ఒకసారి తిరిగి నీళ్లలో దిగింది. కూర్చుని రెక్కలు కొంచెం ఎత్తి, పొట్ట ఊపుతూ ఊపుతూ తీరిగ్గా నానింది. తను తాగింది కొంచెమే. బరువుగా లేచి గుట్ట వైపు ఎగిరింది.

సుమైరా గుట్ట మెట్టు వైపు తిప్పి పెట్టిన దుర్భిణిలో కన్ను పెట్టబోయి, తండ్రి బురద చేతులు చూసి ఆగింది. "ముందు నువ్వు సూడు అబ్బా," అంది.

ఆయన వంగి చూశాడు. బురద తగలకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నిలబడ్డది," అన్నాడు. "పిల్లలు ఉరికొచ్చినయి. పొట్ట కిందికి దూరినయి. తాగుతున్నయి బిడ్డా, ఒక్కొక్క ఈక పట్టి తాగుతున్నయి. అల్లా, గిది ఎవరు నేర్పిండ్రు?"

అప్పుడు సుమైరా చూసింది. కాలే రాళ్ల మధ్య పొట్ట ముందుకు పెట్టి నిటారుగా నిలబడ్డ తండ్రి పిట్ట, దాని కింద బొటనవేలంత మూడు ప్రాణాలు. ఇన్నేళ్లు ఎడారిలో వెతికింది ఇంటి పక్కన, నాన్న లీకేజీ నీళ్లతో జరుగుతోంది. ఒళ్లు జలదరించింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూసింది.

షిఫ్టు మారే వేళకు రఘుపతి వచ్చాడు. రెండో షిఫ్టు ఫిట్టరు. పైపు కింద మడుగు చూసి, "ఏంది కాకా, నీ డ్యూటీల లీకేజీనా?" అని నవ్వుతూ పానా తీశాడు.

దస్తగిర్ వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అది ముట్టకు. తాగేటోళ్లు ఉన్నరు."