ముక్కల ఖరీదు

చిన్నకోడలు మంచుగడ్డను గోనెపట్టాలో చుట్టి సుత్తితో కొట్టింది. పలుకులు ఎత్తి తొట్టిలో పోసింది. తొట్టి నీళ్లలో అచ్చులు నిలబెట్టి ఉన్నాయి. వాటి నిండా అప్పుడే పోసిన వేడి మైనం.

"మళ్లీ మంచా?" అంది పెద్దకోడలు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఆరిన కొవ్వొత్తుల అడుగులు కత్తితో చదును చేస్తోంది.

"సాయంత్రానికి నలభై పెట్టెలు పోవాలక్కా. ఉత్త నీళ్లలో ఎప్పటికి గట్టిపడతాయి?"

"ఇలా చేస్తే లోపల పగుళ్లొస్తాయి. నీకు తెలియంది కాదు."

"వస్తే చూద్దాంలే."

"చూసేది నువ్వు. చేత్తో పట్టుకోవాల్సింది మేము."

చిన్నకోడలు పొద్దున్నుంచి నిలబడే ఉంది. నడుము పట్టేసింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని కూర్చోవడం లేదు.

ఇల్లంటే ఆ ఒక్క గదే. పగలు మంచం గోడకు నిలబెట్టేస్తారు. ఉన్న ఒక్క పొయ్యి మీదా మైనం గిన్నె ఉంటుంది. అది దిగితేనే వంట. ఆ రోజు గిన్నె దిగలేదు. గడప దగ్గర్నుంచి నేలంతా మైనం చుక్కలు పడి నున్నగా మెరుస్తోంది.

"వదినా, నీ ఇంట్లో ఈగలు కూడా జారి పడుతున్నాయి," అంది టైలరు భార్య. ఆమె పని ఆరేసి కొవ్వొత్తుల చొప్పున లెక్కపెట్టి కాగితం చుట్టడం.

"పడనీ. వాటిని కూడా కాగితం చుట్టి పెట్టెలో పెట్టెయ్," అంది ఎదురింటి ముసలమ్మ. ముసలమ్మ చుట్టిన పొట్లాలను పెట్టెల్లో సర్దుతుంది. అందరూ నవ్వారు. చిన్నకోడలికి నవ్వు సగంలో ఆవులింత అయిపోయింది.

ఇదంతా ఒక విరిగిన అచ్చుతో మొదలైంది. ఆమె మొగుడు పాత ఇనుప సామాన్ల కొట్టులో కూలి. ఒక రోజు కొట్టుకు తూకానికి వచ్చిన సామానులో కొవ్వొత్తుల అచ్చు కనబడింది. బందులు ఊడిపోయాయి. యజమానిని అడిగి, ఇనుము ధరకే ఇంటికి తెచ్చాడు. తీగతో కట్టి నిలబెట్టాడు. అప్పటికి తోడికోడళ్లిద్దరూ ఊరి చివర కొవ్వొత్తుల ఫ్యాక్టరీలో చేసేవాళ్లు. పని చేతిలో ఉంది, అచ్చు ఇంట్లో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నారు. అనుకోవడానికి ఏముంది.

మొదట్లో గడప మీద పెట్టి అమ్మారు. వీధిలో కరెంటు పోయినప్పుడల్లా పిల్లలు వచ్చి ఒకటీ రెండూ కొనుక్కుపోయేవాళ్లు. తర్వాత మూల మీది చిన్న కొట్టు, ఆ తర్వాత బజారులో పెద్ద కొట్టు. పెద్ద కొట్టు షావుకారు పెట్టెల లెక్కన అడిగాడు. అచ్చులు పెరిగాయి. చేతులు చాలక చిన్నకోడలు టైలరు భార్యనూ ముసలమ్మనూ పిలిచింది. పెట్టెకు ఎనిమిది రూపాయలు కూలి, పెద్దకోడలితో కలిపి ముగ్గురూ పంచుకోవాలి. పెద్దకోడలు తనకు వేరే ఏమీ అడగలేదు. "మొగుడు పోయినదాన్ని. ఇంట్లో ఇంత పని ఉంటే ఇంకెక్కడికో ఎందుకు పోతాను," అంది. ఫ్యాక్టరీ మానేసి, పక్క వీధిలోని తన గది నుంచి రోజూ ఇక్కడికే పనికి రావడం మొదలుపెట్టింది.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. ఈ నలభై పెట్టెలూ ఈ సాయంత్రానికి చేరితే వానాకాలమంతా నీ సరుకే తీసుకుంటానన్నాడు షావుకారు. చేరకపోతే ఫ్యాక్టరీ సరుకు ఉండనే ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చిన్నకోడలి మొహం కూడా చూడలేదు. బల్ల మీద దుమ్ము తుడుచుకుంటున్నాడు. వెనకటి సరుకులో విరిగినవాటికి ఒక్కోదానికి మూడు రూపాయలు కోశాడు. విరిగినవి ఆయనే ఉంచుకున్నాడు. ఆమె వస్తూ వస్తూ చూసింది. గుమ్మం దగ్గర బుట్టలో వేసి, వాటినే విడిగా సగం ధరకు అమ్ముతున్నాడు.

ఆ బుట్ట ఆమె కళ్లలోంచి పోలేదు. అయినా పెద్దవాళ్ల కొట్టులో నిలబడితే నోరు పెగలదు.

మధ్యాహ్నం దాటాక విరగడం మొదలైంది. పెద్దకోడలి చేతిలో ఒకటి చిటుక్కుమంది. వత్తి తెగలేదు. రెండు ముక్కలూ దాన్ని పట్టుకుని వేలాడాయి. తర్వాత టైలరు భార్య చేతిలో. ముసలమ్మ పెట్టె మూత నొక్కితే లోపల ఒకేసారి రెండు.

"నేను మెల్లగానే నొక్కానమ్మా," అంది ముసలమ్మ.

"ఇంకా మెల్లగా నొక్కు పెద్దమ్మా."

"ఇంకా మెల్లగా అంటే నొక్కకుండా ఉండటమే."

విరిగినవాటిని ఎవరి దగ్గరివి వారి పక్కనే కుప్ప పెట్టమంది చిన్నకోడలు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆకలి మీద ఉన్నారు. పని సాగుతూనే ఉంది.

పొద్దు వాలేసరికి బస్తాలో మైనం అయిపోయింది. పెట్టెలు ముప్పై ఆరు. మిగతా నాలుగింటికి ముక్కలే గతి. వాటిని కరిగించి మళ్లీ పోస్తే సరిగ్గా సరిపోతుంది. చిన్నకోడలు గిన్నెలో అడుగున మిగిలిన మైనం కలియబెట్టింది. కుప్పల దగ్గరికి వచ్చి వంగి లెక్కపెట్టింది. ముగ్గురి మొహాలూ చూడకుండా చెప్పింది.

"విరిగినదానికి రెండు రూపాయలు కూలిలో కోస్తాను. కొట్టులో మూడు కోస్తున్నారు. నేను రెండే."

టైలరు భార్య చేతిలో కాగితం ఆగిపోయింది.

"అదేంటి వదినా? అలాగైతే ఈ రోజు నాకు మిగిలేదేముంది?"

"నాకు మాత్రం ఏం మిగులుతోంది? మైనం ధర చూశావా? మంచు ఊరికే వచ్చిందా?"

"మంచు వెయ్యమని మేం అడిగామా?" అంది పెద్దకోడలు.

ఆమె గొంతు పెంచలేదు. కత్తికి అంటిన మైనం గోటితో గీకుతూ అంది.

"అక్కా, నువ్వు కూడా అలా అంటే ఎలా? ఇది మన ఇంటి పని."

"మన ఇంటి పనైతే నష్టం కూడా ఇంటిదే అవుతుంది. నా ఒక్కదాని కూలిది అవదు."

"పోనీ, నీకు కొయ్యను. వాళ్లకి..."

"వాళ్ల చేతులు వేరే మట్టితో చేశారా?"

 పొయ్యి బుసబుసమంటోంది. బయట బండి చప్పుడైంది. చిన్నకోడలి మొగుడు తన ఇనుప కొట్టులో అడిగి తోపుడు బండి తెచ్చాడు. లోపలికి తొంగి చూసి, వాతావరణం కనిపెట్టి, గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ఎన్నయ్యాయి?" అన్నాడు మెల్లగా.

"అవుతున్నాయి," అంది చిన్నకోడలు. కుప్పల మీదికి చెయ్యి చాపింది.

పెద్దకోడలు ఆ చెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు. పసిపిల్ల పొయ్యి దగ్గరికి పోతే పట్టుకున్నట్టు పట్టుకుంది.

"ఆగు. వీటికి రెండేసి రూపాయలు నేను కట్టాను కదా?"

"కట్టావు. అంటే... కోస్తాను."

"ఏదైనా ఒకటే. డబ్బు నాది పోయింది కాబట్టి సరుకు నాది. నేను కొనుక్కున్నదాన్ని నువ్వు కరిగించి మళ్లీ అమ్ముకుంటావా?"

చిన్నకోడలికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, అవి లేకపోతే నాలుగు పెట్టెలు నిండవు. నలభై లేకపోతే ఆయన సరుకు దించుకోడు. ఈ సీజనంతా పోతుంది. నీ కాళ్లు పట్టుకుంటాను."

"కాళ్లెందుకే? కోత లేదు అను. ముక్కలన్నీ నేనే గిన్నెలో వేస్తాను. అన్నం తినకుండా ఇంకా నాలుగు పెట్టెలు చేస్తాను."

ఆ ఒక్క మాట చిన్నకోడలి నోటి దాకా వచ్చింది. కానీ దాని వెనకే మైనం బాకీ గుర్తొచ్చింది. షావుకారు కోసే మూడు రూపాయలు గుర్తొచ్చాయి. మూడు పోయి రెండూ రాకపోతే ఈ పరుగంతా ఎందుకు? ఈ రోజు వదిలేస్తే రేపు ఎవరు జాగ్రత్తగా పట్టుకుంటారు? ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా అచ్చం ఇదే మాట అనేవాడని ఆమెకు తెలుసు. తెలిసే ఊరుకుంది.

పెద్దకోడలు ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత వంగి, తన కుప్పలోని ముక్కలన్నీ కొంగులోకి ఎత్తుకుంది. వత్తుల కొసలు కొంగులోంచి బయటికి వేలాడాయి.

"పొద్దున రావా అక్కా?" అంది చిన్నకోడలు. 

"పిలిచి చూడు. ఏమని పిలుస్తావో చూసి వస్తాను."

గుమ్మంలో మరిది పక్కకు తొలిగాడు. "వదినా," అన్నాడు. బండి పిడి పట్టుకున్నాడు. ఆమె అతన్ని దాటి వీధిలోకి వెళ్లింది.

టైలరు భార్య తన కుప్ప వైపు చూసింది, చిన్నకోడలి వైపు చూసింది. ఇంట్లో కరెంటు లేక మొగుడు కుట్టు ఆపి కూర్చున్నాడని ఏదో గొణిగింది. తన ముక్కలు పాత కాగితంలో చుట్టుకుంది. తల ఎత్తకుండా వెళ్లిపోయింది.

ముసలమ్మ కదల్లేదు. చిన్నకోడలికి ఇంకొక్క కుప్పే మిగిలింది. నాలుగు పెట్టెలకు అది చాలదు. ఒకదానికి చాలుతుందేమో. చిన్నకోడలు ముసలమ్మ ముందు చతికిలబడింది. రోజు మొత్తంలో కూర్చోవడం అదే మొదటిసారి.

"పెద్దమ్మా, నువ్వైనా..."

ముసలమ్మ కొంగు తీసి నేల మీద పరిచింది. మడతలు అరచేత్తో సరిచేసింది.

"నాకు లెక్క రాదమ్మాయ్. కోతకి లెక్కపెట్టావు కదా. నా వంతు ఎన్నో నువ్వే ఎత్తి ఇందులో వెయ్యి."

బయట మొగుడు అడుగుతున్నాడు, "కొట్టు కట్టేస్తారు, ఎన్ని ఎక్కించమంటావు?" అని. చిన్నకోడలు ఒక ముక్క తీసి పట్టుకుంది. మంచు నీళ్లలో పొద్దున్నుంచి నానిన వేళ్లకు అది పట్టుకున్నట్టే తెలియలేదు. పొయ్యి మీద గిన్నె దాదాపు ఖాళీగా కాగుతోంది. ముసలమ్మ కొంగు అలా పరిచే ఉంది.