పిల్లితో చెప్పిన మాటలు

ఇలా దగ్గరికి జరుగు. ఆ దిండు కూడా లాక్కో, కాస్త స్థిమితంగా కూర్చుని వినాల్సిన కథ ఇది. చేతిలో పనేదైనా ఉంటే తెచ్చుకో, పరవాలేదు. ఈ కథలో ఉన్న ఆడవాళ్ళ చేతులు కూడా ఎప్పుడూ ఊరికే లేవు.

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళు మాట్లాడుకునేవాళ్ళు కాదు. పోట్లాడుకునేవాళ్ళు కూడా కాదు, పోట్లాడుకోవాలన్నా మాట్లాడాలి కదా. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు గిన్నెలు బోర్లించిన తీరు చూసి అత్తగారు, "మీ అమ్మ ఇదేనా నేర్పింది?" అంది. "మా అమ్మ తోమడం నేర్పిందండీ, బోర్లించడం మీరు నేర్పుతారని వదిలేసింది" అంది కోడలు, నవ్వుతూనే. నవ్వుతూ అన్నా అన్నది అన్నట్టే లెక్క. ఆ రోజు నుంచి అత్తగారు ఇంట్లో ఉన్న పిల్లితో మాట్లాడటం మొదలుపెట్టింది.

"ఏమే, పాలు పొంగుతున్నాయి, ఈ ఇంట్లో ఎవరికైనా కళ్ళున్నాయో లేదో" అనేది పిల్లిని చూస్తూ. కోడలు పాలు దించి, "చూశానని చెప్పవే" అనేది, అదే పిల్లిని చూస్తూ. ఆ బూడిదరంగు పిల్లి ఇద్దరి మధ్యా కూర్చుని ఒకసారి ఇటూ ఒకసారి అటూ తల తిప్పేది. అంత గౌరవం ఏ పిల్లికీ దక్కి ఉండదు. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళకి నవ్వుకోవడానికి వేరే ఏమీ దొరకని రోజు ఈ ఇంటి సంగతి ఉండనే ఉండేది.

కొడుక్కి మాత్రం ఈ ఏర్పాటు సుఖంగానే ఉండేది. నీళ్ళ పన్ను ఆఫీసులో గుమాస్తా అతను. సాయంత్రం వచ్చి చొక్కా విప్పి, పళ్ళెం ముందు కూర్చుని, "పగలంతా ఇంట్లోనే ఉంటావుగా, ఈ గుండీ కుట్టడానికి కూడా తీరలేదా?" అనేవాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ మామూలుతనమే కోడల్ని తినేది. కోపంగా అంటే ఏదో ఒకటి తిరిగి అనొచ్చు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పేవాడికి ఏం జవాబిస్తాం? ఆమె గుండీ కుట్టేది. దారం పళ్ళతో తెంపుతూ, ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయింది అనుకునేది. అతను "ఇదిగో" అనేవాడు. అత్తగారు పిల్లిని పిలిచేది.

అలాంటి రోజుల్లో వచ్చారు వాళ్ళు. పొరుగు దేశపు సైన్యం. ఒక్క పొద్దుటే వీధి చివర లారీలు ఆగాయి, ఆఫీసుల మీద జెండాలు మారాయి, రేడియోలు తెచ్చి అప్పగించమన్నారు. వీధిలో ఎవరూ వాళ్ళ దేశం పేరు పలికేవారు కాదు, "వచ్చినవాళ్ళు" అనేవారు. వచ్చినవాళ్ళు ఎప్పటికైనా పోయేవాళ్ళే అని అందులో ఒక ధైర్యం. గుమాస్తా మాత్రం మర్నాడే ఆఫీసుకి వెళ్ళాడు. "కుర్చీ అదే, పని అదే. గోడ మీద పటం మారింది, అంతే. మనం ఎవరి జోలికీ పోవద్దు" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది.

ఒక వానాకాలపు మధ్యాహ్నం, గుమాస్తా ఆఫీసులోనూ అత్తగారు ముందుగదిలో కునుకులోనూ ఉండగా, పెరటి తలుపు ఎవరో గోటితో గీకినట్టయింది. పిల్లేమోనని తీసింది కోడలు. నిలువునా తడిసిపోయి ఒక మనిషి నిలబడి ఉంది. పెద్దాసుపత్రి నర్సు. వచ్చినవాళ్ళ మీద తిరగబడి దెబ్బలు తిన్నవాళ్ళకి దొంగచాటుగా కట్లు కడుతోందని, ఆమె బొమ్మ కుళాయి దగ్గర గోడకి అంటించారు. పట్టిస్తే బహుమానం, దాస్తే కాల్చేస్తామని దాని కింద రాసి ఉంది.

కోడలికి ఆమె మొహం గోడ మీద చూసి తెలిసింది కాదు. అంతకు చాలా ముందు, కడుపులో బిడ్డ పోయి ఆసుపత్రి మంచం మీద పడి ఉన్నప్పుడు మొగుడు వచ్చి, "ఇప్పుడేమైందని, మళ్ళీ పుడతారు" అని వెళ్ళిపోయాడు. ఈ నర్సు వచ్చి మంచం చుట్టూ తెర లాగి, "ఏడు తల్లీ, ఎవరూ చూడరు. నేను బయట నిలబడతా" అంది. అన్నట్టే నిలబడింది. తెర కింద నుంచి ఆమె చెప్పులు కనబడుతూనే ఉన్నాయి. జీవితంలో తనకోసం ఎవరైనా కాపలా ఉన్నది అదొక్కసారే. ఇప్పుడు తలుపు అవతల నిలబడి ఉన్నవి ఆ చెప్పులే.

"లోపలికి రా" అంది. ఎవరినీ అడగకుండా ఆ ఇంట్లో ఆమె తీసుకున్న మొదటి నిర్ణయం అది.

వంటింటి మీద అటక ఉంది. పాత పెట్టెల వెనక ఒక మనిషి పడుకునేంత చోటుంది. నిచ్చెన వేసి ఎక్కించింది. తన అన్నంలో సగం పైకి పంపేది. పళ్ళెం పైకి అందిస్తున్నప్పుడు రోజూ ఒక గుసగుస వచ్చేది: "నువ్వు తిన్నావా అక్కా?" తిన్నానని అబద్ధం చెప్పి, కిందికి దిగి, పొయ్యి ముందు కూర్చుని ఆ మాటనే నెమరేసుకునేది. ఆకలి కూడా తెలిసేది కాదు. మొగుడు పైన చప్పుడు విన్నాడంటే భయంతోనే చెప్పేస్తాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆమెకి రెండింటికీ తేడా తెలుసు, ఫలితం ఒకటేనని కూడా తెలుసు.

అత్తగారి సంగతి మాత్రం అంచనా వెయ్యలేకపోయింది. ఒకరోజు అత్తగారు కూరగాయలు తరుగుతూ కత్తిపీట మీద చెయ్యి ఆపి, పిల్లిని పిలిచింది.

"ఏమే, అటక మీద నీకంటే పెద్ద పిల్లి ఒకటి చేరినట్టుంది."

కోడలి చేతిలో గరిటె ఆగిపోయింది.

"చేరితే చేరింది. ఒక్కరి కూడు ఇద్దరు తింటే ఇద్దరూ చస్తారు. నా గిన్నెలోంచి కూడా కొంచెం తియ్యమని చెప్పు. నాకీ వయసులో రాత్రిపూట అరగదు." మళ్ళీ తరగడం మొదలుపెట్టి, "నా వెధవ కొడుక్కి చెప్పకు" అంది, పిల్లి ఎవరికైనా చెప్పగలిగినట్టు.

కోడలు పొయ్యి వైపు తిరిగి నిలబడింది. కళ్ళు తుడుచుకుని, "అలాగేనని చెప్పవే" అంది.

అప్పటి నుంచీ ఆ వంటిల్లు చూసి తీరాలి. పగలంతా అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూసేది. సైనికులు మలుపు తిరిగితే చాలు, "దొంగమొహందానా, గిన్నెలో మూతి పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా" అని అరిచేది. ఆ అరుపుకి కోడలు నిచ్చెన తీసి గోడకి పడుకోబెట్టేది, పైన గుసగుస ఆగిపోయేది. వాళ్ళు దాటిపోతే, "పోనీలే, పడుకో తల్లీ" అనేది. పిల్లిని తిట్టడం ఆ ఇంట్లో కొత్త కాదు కాబట్టి వీధిలో ఎవరూ తల కూడా తిప్పలేదు. అత్తగారు తన పెళ్ళినాటి దుప్పటి బయటికి తీసి, పిల్లికి పక్క వేస్తున్నానంటూ పేలికలు చింపింది. నర్సు వాటిని కట్లుగా చుట్టేది, కోడలు కూరల బుట్ట అడుగున పెట్టి కుళాయి దగ్గరికి తీసుకెళ్ళేది. అక్కడ బుట్టలు మారేవి. నవ్వుకున్న ఆడవాళ్ళే అందుకునేవాళ్ళు. పాడు రోజులే అవి. కానీ ఆ వంటింటి వెలుతురు, ముగ్గురాడవాళ్ళూ ఊపిరి బిగబట్టి నవ్వాపుకోవడం, మధ్యలో బొద్దుగా తయారైన ఆ పిల్లి... తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం అటే లాగుతుంది.

సోదా ఒక సెలవు రోజున వచ్చింది. ఈసారి పెరటి వైపు నుంచి వచ్చారు, అత్తగారికి అరిచే వ్యవధి లేదు. నిచ్చెన అప్పటికి గోడ పక్కనే ఉండటం అదృష్టం. ఒక అధికారి, భాష తెలిసిన దుబాసీ ఒకడు, ఇద్దరు తుపాకులవాళ్ళు. గుమాస్తా లేచి చేతులు కట్టుకున్నాడు. పెట్టెలు తెరిచారు, పరుపు పొడిచారు. ఇక వెళ్ళిపోతారనగా అటక మీద కిర్రుమని చప్పుడైంది. అందరూ పైకి చూశారు.

అత్తగారు పిల్లిని తిట్టడానికి నోరు తెరిచి ఆగిపోయింది. పిల్లి ఆమె ఒళ్ళోనే ఉంది.

"పైన ఏంటి?" అన్నాడు దుబాసీ.

కోడలు నిచ్చెన వైపు చూడకుండా పొయ్యి వైపు చూసింది. అప్పుడు గుమాస్తా చిన్నగా నవ్వాడు. "ఎలుకలు సార్. నెల్లాళ్ళుగా ఇదే గోల. ఈ పిల్లి పట్టదు. మా అమ్మా ఈవిడా దానితో కబుర్లు చెబుతూనే ఉంటారు, దానికి తీరికెక్కడిది?"

దుబాసీ అర్థం కాక చూశాడు.

"వీళ్ళిద్దరూ మాట్లాడుకోరు సార్. వీధిలో ఎవర్నైనా అడగండి. ఏదైనా పిల్లితోనే. ఇద్దరూ కలిసి ఒక కూర కూడా వండలేరు, ఇక నిచ్చెన ఎత్తి ఎలుకలేం పడతారు?"

దుబాసీ అది అధికారికి చెప్పాడు. అధికారి పిల్లిని చూశాడు, అత్తని చూశాడు, కోడల్ని చూశాడు, పగలబడి నవ్వాడు. నవ్వుతూనే వెళ్ళిపోయారు. అబద్ధమాడేవాడెవడూ అంత బాగా చెప్పలేడు. అతను మనసారా నమ్మిన మాట అది.

వచ్చినవాళ్ళు ఒకనాటికి పోయారు. నర్సు అటక దిగి ఆసుపత్రికి వెళ్ళి, తను ఎక్కడ దాక్కుందో అందరికీ చెప్పింది. వీధి వీధంతా ఆ ఇంటికి వచ్చింది. గుమాస్తా కుర్చీలో వాలి కూర్చుని చెబుతున్నాడు. "మేమే దాచాం. తెలియనట్టు నటించాను గానీ నాకు తెలియకుండా ఉంటుందా? ఆ సోదా రోజు నేనెలా మాట్లాడి పంపించానో..." మధ్యలో ఆగి వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, అందరికీ టీ పెట్టు" అన్నాడు.

కోడలు గిన్నె పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు కాగడం మొదలైంది. ఆమెకి కోపం కూడా రాలేదు, ఎన్ని గ్లాసులు కావాలో లెక్కపెట్టుకుంది.

"అమ్మాయ్" అంది ముందుగదిలోంచి అత్తగారు.

పిల్లి తలెత్తింది.

"నిన్ను కాదే. నా కోడల్ని. అమ్మాయ్, పొయ్యి వదిలేసి ఇలా వచ్చి కూర్చో. తలుపు తీసింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు. లేరా, కుర్చీ ఖాళీ చెయ్యి. టీ నువ్వు పెట్టు."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. గుమాస్తా వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి, "టీ పొడి ఎక్కడుంది?" అని వినిపించింది.

అత్తగారు పిల్లి తల నిమిరింది. "వెతుక్కోమని చెప్పవే" అంది.

అదీ కథ. నువ్వూ ఎవరికైనా చెప్పు, మర్చిపోకు. చెప్పేటప్పుడు తుపాకుల దగ్గర మొదలుపెట్టకు, గిన్నెల దగ్గర మొదలుపెట్టు. మధ్యలో ఎవరైనా టీ అడిగితే మాత్రం, కథ ఆపి లేవకు.