మావయ్యగారు వద్దన్న నీలం లైటు

ఆ ఇంట్లో పళ్ళ గురించి మాట్లాడే హక్కు ఒక్కరికే ఉండేది, పెద్దాయనకి. పని మానేసి చాలా కాలమైనా ఆయన ఎలక్ట్రీషియనే. చుట్టుపక్కల ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా కబురు ఆయనకే వచ్చేది. వైరు తొడుగు ఒలవడానికి ఏనాడూ పనిముట్టు ముట్టుకోలేదని, ముందుపళ్ళతో పటుక్కున కొరికి లాగేసేవాణ్ణని, ఆ పళ్ళు ఇప్పటికీ చెక్కుచెదరలేదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. భార్యకి పైవరసా కిందివరసా కట్టుడుపళ్ళే. రాత్రి ఆవిడ వాటిని తీసి నీళ్ళగిన్నెలో వేస్తే, పొద్దున్నే వంటింట్లోకి వచ్చి కూతురితో గుసగుసగా అనేవాడు: “మెల్లిగా తిరగవే, మీ అమ్మ పళ్ళు ఇంకా నిద్ర లేవలేదు.”

ఆ జోకుకి కూడా జుట్టు నెరిసింది. ఆవిడ ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. ఆపిల్ పండు సన్నగా ముక్కలు కోసి ప్లేటులో పెట్టి ఆయన ముందుకి జరిపేది. “ఎవరికే ఈ ముక్కలు? నాకేం పళ్ళు లేవా?” అంటూనే ఆయన ఒక్కో ముక్కా నోట్లో వేసుకునేవాడు.

నిజానికి లేవు. ముందువి రెండు లేవు. ఎప్పుడో పొరుగూళ్ళో ఒక పెద్ద భవనానికి వైరింగు చేస్తూ, లోపల మెత్తటి రాగే కదా అని కొరికిన తీగలో ఉక్కు ఉంది. పళ్ళు రెండూ చేతిలోకొచ్చాయి. ఇంటికి ఫోను చేసి పని ఇంకా తెమల్లేదని చెప్పి, అక్కడే ఒక డాక్టరు దగ్గర తీసి పెట్టుకునే రెండు కట్టుడుపళ్ళ పలక చేయించుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చాడు. అప్పటికే భార్య పళ్ళ మీద అన్నన్ని జోకులేసి ఉన్నాడు కనక నిజం చెప్పే దారి తనే మూసేసుకున్నాడు. పలక కడగడం ఎప్పుడూ స్నానాల గదిలోనే, తలుపు గడియ పెట్టి, కుళాయి ధారగా వదిలి. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు.

అల్లుడికి ఉప్పునీటి తొట్టి పిచ్చి పట్టడంతో అసలు చిక్కు మొదలైంది.

ఆ ఇంట్లోనే ఉండే అల్లుడు మందుల కంపెనీలో లెక్కలు చూసే నెమ్మదైన మనిషి. హాల్లో సోఫా గోడవారకి జరిపి గాజుతొట్టి పెట్టాడు. కొలిచి కొలిచి ఉప్పు కలిపాడు, రాళ్ళు పేర్చాడు, వారాల తరబడి ఉత్త నీళ్ళు చూస్తూ మురిసిపోయాడు.

“చేపలేవయ్యా అల్లుడూ?” అని అడిగాడు పెద్దాయన.

“చేపలు కాదు మావయ్యగారూ, పగడాలు. బతికున్నవి.”

“అంటే రాళ్ళు పెంచుతావన్నమాట.”

“రాళ్ళు కావండీ, ప్రాణులు. వాటి ఒంట్లో కంటికి కనపడనంత నాచు ఉంటుంది. అది వెలుతురు తిని వీటికి వండిపెడుతుంది. లైటు సరైంది కాకపోతే ఇవి పస్తే. అందుకే లైటు మీరే ఎంచాలి. ఈ ఇంట్లో లైట్ల సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?”

పెద్దాయన ఉబ్బిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ అల్లుడితో పగడాలమ్మే షాపుకి బయల్దేరాడు.

షాపు వెనక గది చీకటిగా ఉంది. తొట్ల మీద మాత్రం ఊదా కలిసిన నీలం వెలుగు. దాని కింద పగడాలు ఆకుపచ్చగా, నారింజగా, లోపల ఎవరో దీపం పెట్టినట్టు మెరుస్తున్నాయి. ఎన్నో లైట్లు బిగించిన మనిషి, ఇలాంటి లైటు ఎక్కడా చూడలేదు. సంతోషం పట్టలేక పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ గాజు మీదికి వంగాడు. గాజులో తన మొహం కనిపించింది. పళ్ళన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. మధ్యలో రెండు మాత్రం నల్లగా, పెంకులు ఊడిన ఇంటికప్పులా ఉన్నాయి.

నోరు టక్కున మూసుకుంది.

“ఈ లైటు కింద అసలుదేదో నకిలీదేదో ఇట్టే తెలిసిపోతుంది సార్,” అన్నాడు షాపాయన, పగడాల గురించే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు పెద్దాయన చెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది. ఆ నీలం లైటు హాల్లోకి వచ్చిందంటే రోజూ సాయంత్రం ఇల్లంతా దాని ముందే కూర్చుంటుంది. ఆవిడ కూడా కూర్చుంటుంది. ఇన్నేళ్ళ జోకులన్నీ వడ్డీతో సహా వెనక్కొస్తాయి.

చెయ్యి తియ్యకుండానే, “ఇది వద్దు. ఆ తెల్లది ఇవ్వండి,” అన్నాడు.

“అది చేపల తొట్లకండీ. పగడాలకి నీలం కావాలి. సముద్రం లోతుకి దిగేకొద్దీ మిగిలేది నీలమే.”

“నీలమే కావాలని ఏ పగడమైనా మీతో చెప్పిందా?”

పెద్దాయన ఆగలేదు. వోల్టేజీ అన్నాడు, వేడి అన్నాడు, ఈ నీలానికి ఇంటిల్లిపాదికీ కళ్ళు పోతాయన్నాడు, బయటివాళ్ళు చూస్తే ఇల్లో నాటకాల స్టేజో తెలియక లోపలికొచ్చేస్తారన్నాడు. అల్లుడు ఒకసారి నీలం వంక ఆశగా చూసి, “మావయ్యగారు చెప్పారంటే ఇంక తిరుగులేదు,” అని తెల్లదే, దాంతోపాటు కొన్ని పగడాలూ కట్టించుకున్నాడు. షాపాయన డబ్బా పారెయ్యకండని చెప్పి, మార్చుకోవాలంటే రమ్మని సాగనంపాడు.

తెల్ల లైటు కింద తొట్టి పెళ్ళివారిల్లులా వెలిగింది. కొన్నాళ్ళు అంతా బాగానే ఉంది. బాగా లేనిదల్లా ఒక్కటే, పెద్దాయన ఆ తొట్టితో ప్రేమలో పడ్డాడు. అందులో ఒక పగడం పొద్దున వేళ్ళు విప్పుకుని, సాయంత్రం ముడుచుకునేది. దానికి పిడికిలమ్మ అని పేరు పెట్టాడు. టీ గ్లాసు పట్టుకుని దాని ఎదురుగా కుర్చీ వేసుకుని, “లేచావా తల్లీ?” అని పలకరించనిదే ఆయనకి తెల్లవారేది కాదు.

క్రమంగా పిడికిలమ్మ ఆలస్యంగా లేవడం మొదలుపెట్టింది. తర్వాత సగం వేళ్ళే విప్పింది. ఆ తర్వాత అసలు విప్పలేదు. ఒంటి పచ్చదనం పోయి బురదరంగు కమ్మింది. పక్కనున్నవి వెలుతురు కోసం మెడలు చాచి, పీలగా సాగిపోయాయి. అల్లుడు నీళ్ళు మార్చాడు, ఉప్పు మళ్ళీ మళ్ళీ కొలిచాడు, అన్నం ముందు కూర్చుని కూడా తొట్టి వంకే చూశాడు. పెద్దాయన మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు.

చివరికి ఒకరోజు అల్లుడు బకెట్టు తెచ్చి తొట్టి పక్కన పెట్టాడు.

“నావల్ల కాదు మావయ్యగారూ. ప్రాణమున్నవాటిని తెచ్చి చంపుకోవడం ఎందుకు? రేపు షాపులో ఇచ్చేస్తాను. లైటు మీరు ఎంచారు కాబట్టి అందులో తప్పుండదు. నా నీళ్ళలోనే ఏదో తేడా ఉంది. నాకే చేతకాలేదు.”

ఆ మాట కంటే చెంప పగలగొట్టినా బాగుండేది. పెద్దాయన కుర్చీలోంచి లేచి తొట్టి దగ్గరికి వెళ్ళాడు. తన రెండు పళ్ళ పరువు కోసం పిడికిలమ్మని పస్తు పెట్టాడు, బంగారంలాంటి అల్లుడి చేత చేతకానివాణ్ణనిపించాడు. ఎంత సిగ్గులేని పని చేశాడో అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు అల్లుడు ఆఫీసు నుంచి వచ్చేలోపు తెల్ల లైటు ఊడదీసి, డబ్బాలో పెట్టి, షాపుకి మోసుకెళ్ళాడు.

షాపాయన డబ్బానీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. “ఏం సార్, పగడం చెప్పిందా?”

“చెప్పింది,” అన్నాడు పెద్దాయన. “నీలం ఇవ్వండి.”

ఆకలి మీదున్నవాళ్ళకి ఒక్కసారే విందు పెట్టకూడదు కనక, మొదట సన్నగా వెలిగించి రోజూ కాస్త కాస్త పెంచమన్నాడు షాపాయన. ఇంటికొచ్చి పెద్దాయన తనే బిగించాడు. వైరు తొడుగు ఒలవాల్సి వస్తే వంటింట్లోంచి కత్తెర తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం అందరూ చేరాక కిటికీ తెరలు లాగి, మెడకీ మూతికీ మఫ్లరు చుట్టుకుని, గొంతు నొప్పని సైగ చేసి, స్విచ్చి నొక్కాడు.

గదంతా నీలమైపోయింది. కూతురి తెల్ల దుపట్టా వెలిగిపోయింది. అల్లుడు తొట్టి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. బురదరంగు పిడికిలమ్మ అంచున సన్నటి ఆకుపచ్చ గీత ఒకటి మెరుస్తోంది.

“బతికే ఉంది! ఇందులో ప్రాణముంది మావయ్యగారూ!” అన్నాడు. అంతలోనే గొంతు తగ్గింది. “లైటు మార్చి మీరు కాపాడారు. మరి నా నీళ్ళలో తప్పెక్కడుందంటారు? మళ్ళీ చెయ్యకుండా చెప్పండి.”

పెద్దాయన మఫ్లరులోకి కుంచించుకుపోయాడు. మాట్లాడకుండా ఉంటే పరువు దక్కుతుంది. కానీ ఈ పిచ్చివాడు జన్మంతా తన నీళ్ళనే తిట్టుకుంటూ ఉంటాడు. భార్య వంక చూశాడు. ఆవిడ ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఆయన్నే చూస్తోంది.

మఫ్లరు తీసేశాడు.

“నీ నీళ్ళు బంగారమయ్యా. తప్పు ఇదిగో, ఇక్కడుంది,” అని, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పి, లైటు కిందికి వంగి పళ్ళు ఇకిలించాడు.

వరస మధ్యలో నల్లగా రెండు. కూతురు, “నాన్నా!” అని నోరు తెరిచింది. అల్లుడు నవ్వాలో వద్దో తెలియక తొట్టి వైపు తిరిగిపోయాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఆవిడ నవ్వడానికి ఎవరి అనుమతీ అడగలేదు. పకపకా నవ్వింది. ఆవిడ నోరంతా నల్లగానే ఉంది.

“నాది నయం, అంతా ఒకే రంగు,” అంది. “మీవాటికే చుక్కలు పడ్డాయి.”

“నవ్వు, ఎంత కావాలంటే అంత నవ్వు. ఇన్నాళ్ళూ మోసపోయావు కదా.”

“మోసపోయానా?” ఆవిడ ఒళ్ళోని ప్లేటు ఆయన ముందుకి జరిపింది. ఆపిల్ ముక్కలు. “ఆ ఊరి నుంచి వచ్చిన రోజు ఆపిల్ ఇస్తే, కుక్కపిల్లలా పక్కపళ్ళతో కొరకలేదూ మీరు? నేను కాయ కోసి పెట్టడం ఎప్పుడు మొదలెట్టానో గుర్తు తెచ్చుకోండి.”

ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. అంతకు ముందు ఎప్పుడూ కొయ్యకుండా కాయే ఇచ్చేది.

“మరి ఒక్కమాటైనా అనలేదేం? నేనన్ని జోకులేస్తుంటే?”

“నా పళ్ళు పోయినప్పుడు మీరు నవ్వారు,” అంది ఆవిడ, ముక్క తీసి చేతికిస్తూ. “మీ పళ్ళు పోయినప్పుడు నేను కత్తి పట్టాను.”

పెద్దాయన ఆ ముక్క చాలాసేపు నమిలాడు. కళ్ళు తడిశాయి. నీలం లైటు కింద ఆ తడి కూడా మెరిసే ఉంటుంది.

కొన్నాళ్ళకి ఒక పొద్దున పిడికిలమ్మ వేళ్ళన్నీ విప్పింది. ముందు చూసింది అల్లుడు. ఆనందం పట్టలేక “మావయ్యగారూ!” అని కేకలేస్తూ వంటింట్లోకి పరిగెత్తాడు. అక్కడ నీళ్ళగిన్నెలు రెండున్నాయి, పక్కపక్కనే.

“మెల్లిగా బాబూ,” అంది అత్తగారు గుసగుసగా, టీ వడపోస్తూ. “మీ మావయ్యగారి పళ్ళు ఇంకా నిద్ర లేవలేదు.”